పాత స్పీకరు పెట్టెకు మళ్ళీ గొంతు

మీ ఇంట్లో పాత స్పీకరు పెట్టె ఉందా? అటక మీదో, మంచం కిందో ఉండి ఉంటుంది. దుమ్ము పట్టి ఉంటుంది. పాడైపోయిందని పక్కన పెట్టి ఏళ్ళయి ఉంటుంది.

పాత సామాన్లు కొనేవాడు వస్తాడు. పెట్టె ఎత్తి బరువు చూస్తాడు. లోపల పెద్ద అయస్కాంతం ఉందని అతనికి తెలుసు. కిలోకు ఇంత అంటాడు. అడ్డం పోయింది కదా అని మనం ఇచ్చేస్తాం.

ఇచ్చేముందు ఒక్కసారి ఆగండి. ఆ పెట్టెలో ఖరీదైన సరుకు అయస్కాంతం, రాగి తీగ చుట్ట, చెక్క పెట్టె. చాలాసార్లు ఈ మూడూ బాగానే ఉంటాయి. పోయేది ఒక మెత్తని స్పాంజి రింగు. కొత్త స్పీకరు ధరతో పోలిస్తే ఆ రింగు ధర చాలా తక్కువ. దాన్ని ఇంట్లోనే మార్చుకోవచ్చు. మిషను కుట్టే చెయ్యి, పూలు కట్టే చెయ్యి చేయగల పనే అది.

మన పల్లెల్లోకి ఈ పెట్టెలు ఎలా వచ్చాయి? కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళారు. 1980లలో, 1990లలో వాళ్ళు సెలవుకు వచ్చినప్పుడు దుప్పట్లు, సెంటు సీసాలతో పాటు టేప్ రికార్డర్లు, స్టీరియో సెట్లు తెచ్చారు. పెళ్ళి పాటలు, బుర్రకథలు, ఒగ్గుకథలు వాటిలోనే విన్నాం. దుబాయి నుంచి ఉత్తరానికి బదులు మాటలు నింపిన క్యాసెట్ వస్తే, దాన్ని కూడా వాటిలోనే విన్నాం. ఇప్పుడు సెల్‌ఫోనులో పాట వింటున్నాం. కానీ సెల్‌ఫోనులో డప్పు దెబ్బ వినిపించదు. టిక్కు టిక్కు అంటుంది, అంతే. ఎందుకో చూద్దాం.

స్పీకరు ఎలా పలుకుతుంది?

స్పీకరు ముందు గుడ్డ తీసి చూడండి. గరాటులా ఒక కాగితం కనిపిస్తుంది. దాన్ని కోను అంటారు. కోను వెనక సన్నని రాగి తీగ చుట్ట ఉంటుంది. దాన్ని కాయిల్ అంటారు. ఆ చుట్ట అయస్కాంతం మధ్య సన్నని సందులో ఉంటుంది. పాట కరెంటుగా మారి తీగలోకి వస్తుంది. అప్పుడు తీగ చుట్ట కూడా అయస్కాంతం అవుతుంది. పెద్ద అయస్కాంతం దాన్ని లాగుతుంది, నెడుతుంది. చుట్టతో పాటు కోను ముందుకూ వెనక్కూ ఊగుతుంది. కోను గాలిని తోస్తుంది. ఆ గాలి అలలే మన చెవికి తగిలే పాట.

డప్పు, మృదంగం లాంటి లావు శబ్దానికి గాలిని బాగా తొయ్యాలి. సెల్‌ఫోనులో స్పీకరు వేలి గోరంత. అది ఎంత గాలిని తోస్తుంది? పెద్ద పెట్టెలో కోను అన్నం పళ్ళెమంత ఉంటుంది. అదీ తేడా.

ఈ పద్ధతి ఇప్పటిది కాదు. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజినీర్లు ఇలాంటి స్పీకరును చూపించారు. వందేళ్ళు దాటినా లోపలి అమరిక దాదాపు అదే.

కోను ఊగాలంటే దాని అంచు మెత్తగా ఉండాలి. బయట ఇనుప చట్రం కదలదు. లోపల కోను కదులుతుంది. రెంటినీ కలిపే మెత్తని రింగే అంచు. ఈ అంచు కథలో ఒక ఇల్లాలి చెయ్యి కూడా ఉంది. 1950లలో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన గాలి చొరబడని చిన్న పెట్టెలో లావు శబ్దం తెప్పించాలని చూశాడు. దానికి చాలా మెత్తని అంచు కావాల్సి వచ్చింది. మొదటి నమూనాకు పరుపు గలీబు గుడ్డ వాడారు. ఆ గుడ్డ కత్తిరింపుకు కొలత గీసింది ఆయన భార్య రోజ్‌మేరీ. ఆ పద్ధతిలో మొదటి స్పీకరు 1954లో వచ్చింది. తర్వాత గుడ్డకు బదులు చాలా కంపెనీలు స్పాంజి వాడాయి. స్పాంజి తేలిక, చవక. కానీ దాని ఆయుష్షు తక్కువ.

ఏది చచ్చింది, ఏది బతికి ఉంది?

స్పాంజి ఎందుకు పోతుంది? గాలిలోని తేమ దాన్ని తినేస్తుంది. ఎండ, వేడి తోడైతే ఇంకా తొందరగా పోతుంది. వాడినా వాడకపోయినా సుమారు 10 నుంచి 20 ఏళ్ళలో పొడి అయిపోతుంది. వేలితో తాకితే జిగటగా అంటుకుంటుంది, లేదా పెంకులా రాలుతుంది. అప్పుడు పాట గరగరమంటుంది. "స్పీకరు కాలిపోయింది, కొత్తది వెయ్యాలి" అని షాపులో అంటే నమ్మేస్తాం. కాలిందో లేదో మనమే చూసుకోవచ్చు.

ముందుగా కరెంటు ప్లగ్గు పీకండి. ఇది మరిచిపోకండి. తర్వాత స్పీకరు పెట్టెకూ సెట్టుకూ మధ్య తీగలు విప్పండి.

గడియారంలో వేసే పెన్సిల్ సెల్లు ఒకటి తీసుకోండి. దాని శక్తి 1.5 వోల్టులు. షాకు కొట్టదు. పెట్టె వెనక ఎరుపు, నలుపు బిళ్ళలు ఉంటాయి. రెండు ముక్కల తీగతో సెల్లును ఆ రెండు బిళ్ళలకు ఒక్క క్షణం తాకించి తీసెయ్యండి. 'టక్' మని శబ్దం వచ్చి కోను కదిలిందా? అయితే పెద్ద స్పీకరు తీగ చుట్ట బతికే ఉంది. అసలు చప్పుడే లేకపోతే చుట్ట తెగి ఉండొచ్చు, లేదా లోపల తీగ ఊడి ఉండొచ్చు.

ఇంకో పరీక్ష. రెండు చేతుల వేళ్ళను కోను మీద ఎదురెదురుగా ఆనించండి. పసిబిడ్డ పొట్ట మీద చెయ్యి వేసినంత మెల్లగా లోపలికి నొక్కండి, వదలండి. మెత్తగా వెళ్ళి వస్తే మంచిది. ఇసుక రాసినట్టు గరగరలాడితే చుట్ట పక్కకు జరిగి అయస్కాంతాన్ని రాసుకుంటోంది. రింగు పొడైపోయిన స్పీకరును అలాగే మోగిస్తే ఇలాగే అవుతుంది. అందుకే, రింగు చిరిగిందని తెలిసిన రోజే మోగించడం ఆపాలి. ఇది పాటించకే చాలా మంచి స్పీకర్లు నిజంగా కాలిపోతాయి.

అంచు గుడ్డతోనో, రబ్బరుతోనో ఉంటే, అది బాగుంటే దాన్ని ముట్టుకోకండి. అవి చాలా ఏళ్ళు ఉంటాయి. పాతదని బాగున్నదాన్ని మార్చడం తెలివితక్కువ.

రింగు మార్చే పని

పెట్టెను దుప్పటి మీద వెల్లకిలా పడుకోబెట్టండి. చుట్టూ స్క్రూలు ఉంటాయి. ఇక్కడ జాగ్రత్త. అయస్కాంతం స్క్రూడ్రైవరును లాక్కుంటుంది. చెయ్యి జారితే అది కోనులో దిగబడుతుంది. అందుకే ఒక చేత్తో స్క్రూడ్రైవరు తిప్పుతూ, రెండో అరచేతిని కోనుకు అడ్డంగా పెట్టండి. కుట్టుపని చేసేవాళ్ళు గుండుసూదులు దూరంగా తీసిపెట్టండి. ఇనుప రజను, సూది ముక్క సందులోకి పోతే బయటికి తియ్యడం కష్టం. క్యాసెట్లు కూడా దూరంగా పెట్టండి. అయస్కాంతం దగ్గర ఉంటే వాటిలోని పాట చెరిగిపోతుంది.

స్పీకరును పైకి తీస్తే వెనక రెండు తీగలు కనిపిస్తాయి. ఏ తీగ ఏ బిళ్ళకు ఉందో చీటీ మీద రాయండి. 'ఎరుపు తీగ - పెద్ద బిళ్ళ' అని రాసి అంటించండి. గుర్తుంటుందిలే అనుకోవద్దు. మర్నాటికి గుర్తుండదు. రాసుకోవడం వచ్చినవాళ్ళం, రాసుకుందాం.

తర్వాత పాత స్పాంజి తియ్యాలి. ఇదే ఓపిక పని. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. కింద పాత పేపరు పరవండి. ఆ నల్ల పొడి బట్టకు అంటితే వదలదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. చట్రం మీది స్పాంజిని మొద్దు కత్తితో గీకొచ్చు. దాని మీద అట్ట రింగు ఉంటే చిరగకుండా ఊడదీసి దాచండి, మళ్ళీ కావాలి. కోను అంచున ఉన్నదాన్ని మాత్రం గీకకండి. అది కాగితం. దూదిని స్పిరిట్‌లో తడిపి అద్దండి. జిగురు నానాక వేలితో రుద్దితే ఉండలు కట్టి వస్తుంది. స్పిరిట్‌కు నిప్పు అంటుకుంటుంది. పొయ్యి దగ్గర, దీపం దగ్గర ఈ పని చెయ్యొద్దు.

పాత స్పాంజి కోనుకు పైన అంటించి ఉందా, కింద అంటించి ఉందా? తీసేముందే చూసి చీటీలో రాయండి. కొత్తది కూడా అలాగే అంటించాలి.

ఇక కొలత. చాలామంది పొరబడేది ఇక్కడే. '8 అంగుళాల స్పీకరు' అంటే కోను 8 అంగుళాలు అని కాదు. అది ఇనుప చట్రం కొలత. కోను అంతకంటే చిన్నగా ఉంటుంది. జాకెట్టు కుట్టేటప్పుడు ఒక్క ఛాతీ కొలత చాలుతుందా? చాలదు కదా. ఇక్కడా అంతే. నాలుగు కొలతలు కావాలి. కోను ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎంత? ఉబ్బుగా ఉండే గుండ్రని మడత ఎక్కడ మొదలైంది? ఎక్కడ ముగిసింది? రింగు బయటి అంచు ఎంత? టైలరు టేపుతో మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోండి. వీలైతే పాత రింగు ముక్కను కూడా షాపుకు పట్టుకెళ్ళండి. హైదరాబాదులో కోఠి దగ్గర గుజరాతీ గల్లీలో స్పీకరు సామాన్ల షాపులు వరసగా ఉన్నాయి. ఏ షాపులో అడిగినా సైజు కాగితం చేతిలో ఉంటే మాట తేలిక. ఒక్కటి కొనకండి. రెండు పెట్టెలకూ రెండు కొనండి. ఒకటి పోతే రెండోది కూడా పోయే వయసులోనే ఉంటుంది.

రింగు తెచ్చారు. ముందుగా జిగురు లేకుండా పెట్టి చూడండి. సరిపోయిందా? అయితే నీళ్ళతో కలిసే తెల్ల జిగురు తీసుకోండి. వడ్రంగులు చెక్కకు వాడే ఫెవికాల్ లాంటిది. వెంటనే పట్టేసే జిగురు వద్దు. దానితో సర్దుకునే వ్యవధి ఉండదు. చిన్న కుంచెతో కోను అంచుకు పల్చగా రాయండి. రింగు లోపలి అంచును దాని మీద ఆనించి, చుట్టూ వేలితో అద్దుతూ వెళ్ళండి. కజ్జికాయ అంచు అదిమినట్టే. ఒక రాత్రి ఆరనివ్వండి.

మర్నాడు బయటి అంచు. చట్రానికి జిగురు రాసి రింగును ఆనించండి. జిగురు పచ్చిగా ఉండగానే కోనును రెండు చేతులతో మెల్లగా నొక్కి చూడండి. గరగర వినిపిస్తే రింగును వెంట్రుకవాసి అటో ఇటో జరపండి. మళ్ళీ నొక్కండి. గరగర పూర్తిగా పోయేదాకా ఇలాగే. ఈ పది నిమిషాలే మొత్తం పనికి ప్రాణం. మెకానిక్కులు కొందరు కోను నడిమి మూత కోసి, చుట్ట పక్కన సన్నని ప్లాస్టిక్ ముక్కలు దూర్చి మధ్యకు తెస్తారు. అది చెయ్యి తిరిగినవాళ్ళ పని. మొదటిసారికి వేళ్ళు, చెవులు చాలు.

గరగర పోయాక చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టి ఒక రోజు కదపకుండా ఉంచండి. అట్ట రింగును చివరన అంటించండి.

కోనుకు చిన్న చిరుగు ఉందా? ఎలుక కొరికిందా? పల్చటి పతంగి కాగితం చిన్న ముక్క, కాస్త తెల్ల జిగురు చాలు. దళసరి అట్ట అంటిస్తే కోను బరువెక్కుతుంది, గొంతు మారుతుంది.

సన్నని గొంతు పోతే

కొన్ని పెట్టెల్లో రెండు స్పీకర్లు ఉంటాయి. పెద్దది వూఫర్. డప్పు, లావు గొంతు దాని పని. చిన్నది ట్వీటర్. తాళాలు, గజ్జెలు, 'స' 'ష' అక్షరాలు దాని పని. ఎవరి పని వారికి పంచే చిన్న పలక లోపల ఉంటుంది. దాని పేరు క్రాసోవర్. అందులో కండెన్సర్ ఉంటుంది. ఫ్యానుకు వేసే కండెన్సర్ పేరు మీరు వినే ఉంటారు. స్పీకరుది దాని చిన్న చెల్లెలు.

పాత కండెన్సర్‌లో రసాయనం ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోతుంది. అప్పుడు పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు వినిపిస్తుంది. గజ్జెలు వినిపించవు. ట్వీటరు పోయిందని దాన్ని పారేస్తారు. పాపం, దాని తప్పు లేదు.

కండెన్సర్ మీద అంకెలు ఉంటాయి. 4.7 మైక్రోఫారడ్, 50 వోల్టులు అని ఉందనుకోండి. కొత్తది కూడా 4.7 మైక్రోఫారడే ఉండాలి. వోల్టులు 50 గానీ అంతకు ఎక్కువ గానీ ఉండొచ్చు. ప్లస్, మైనస్ గుర్తులు ఉన్న మామూలు కండెన్సర్ దీనికి పనికిరాదు. 'గుర్తు లేనిది, నాన్ పోలార్' అని అడగండి. పాతది ఎండిపోయే రకమైతే, ప్లాస్టిక్ పొరతో చేసిన ఫిల్మ్ కండెన్సర్ వెయ్యండి. అది ఎండిపోదు. నిజమైన మెరుగు అంటే ఇలాంటిదే. 'పెద్దది వేస్తే ఎక్కువ సౌండు వస్తుంది' అని ఎవరైనా అంటే వినకండి. పెద్దది వేస్తే లావు శబ్దం కూడా ట్వీటరులోకి పోతుంది. ట్వీటరు తీగ వెంట్రుకంత. కాలిపోతుంది.

టంకం పెట్టడం రాకపోతే రేడియో మెకానిక్కు దగ్గర పెట్టించుకోండి. పలక, కొత్త కండెన్సర్ రెండూ మీరే తీసుకెళ్ళండి.

ఒక హెచ్చరిక. స్పీకరు పెట్టె విప్పొచ్చు. కానీ కరెంటు ప్లగ్గు ఉన్న సెట్టును, యాంప్లిఫయరును, పాత వాల్వు రేడియోను మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా వాటిలో కరెంటు నిలవ ఉంటుంది. ప్రాణం తీసేంత ఉండొచ్చు.

ఖర్చు లేని మెరుగులు

పెట్టె అతుకులు ఊడి సందులు పడితే గాలి బుసబుసమంటూ పోతుంది. లావు శబ్దం ఆ సందులోంచే పోతుంది. తెల్ల జిగురు పెట్టి బిగించి కట్టండి. చెద పట్టిందేమో కూడా చూడండి. పెట్టె లోపల దూది లాంటిది ఉంటే పారెయ్యకండి, అది ఉండాల్సిందే. పసుపు పచ్చగా, చేతికి దురద పుట్టించేలా ఉంటే అది గాజు ఉన్ని. వట్టి చేతులతో ముట్టుకోకండి. అది పాడైతే దిండులో నింపే పాలిస్టరు దూది వెయ్యొచ్చు. పెట్టెకు గుండ్రని గాలి రంధ్రం ఉంటే, దానికి మాత్రం దూది అడ్డం పెట్టొద్దు.

పెట్టెను నేల మీద, గోడ మూలకు నెట్టి పెడితే పాట బొంగురుగా వస్తుంది. స్టూలు మీద పెట్టి గోడకు జానెడు ముందుకు జరపండి. పైసా ఖర్చు లేదు. తేడా మీకే తెలుస్తుంది.

వాట్ల మాట కూడా చెప్పుకుందాం. 20 వాట్ల సెట్టు మార్చి 40 వాట్లది కొంటే సౌండు రెట్టింపు అవుతుందనుకుంటాం. కాదు. కొంచెమే పెరుగుతుంది. మన చెవి రెట్టింపు అనుకోవాలంటే వాట్లు సుమారు పది రెట్లు కావాలి. ఆ డబ్బు రింగుకూ కండెన్సర్‌కూ పెడితే మిగతాది చేతిలో మిగులుతుంది.

మూసి మోగించడం

పెట్టె మూసేముందు ఒక కాగితం మీద తేదీ, రింగు కొలతలు, కండెన్సర్ అంకెలు రాసి లోపలి చెక్కకు అంటించండి. పదిహేనేళ్ళ తర్వాత ఆ పెట్టె విప్పేవాళ్ళు మళ్ళీ కొలిచే పని ఉండదు.

స్క్రూలు ఒకటి బిగించాక దాని ఎదురుది బిగించండి. సైకిలు చక్రం నట్లు బిగించినట్టు. ఒకేవైపు బిగిస్తూ పోతే చట్రం వంకరపోతుంది. మొదటి రోజు సౌండు తక్కువ పెట్టి వినండి. కొత్త రింగు కాస్త బిర్రుగా ఉంటుంది. కొన్నాళ్ళకు మెత్తబడుతుంది.

రెండు పెట్టెలూ కలిపి మోగించండి. పాట వస్తోంది, కానీ డప్పు పల్చబడిందా? గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియకుండా ఉందా? ఒక పెట్టె కోను ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి పోతోందన్నమాట. ఒకటి తోసిన గాలిని రెండోది లాగేస్తోంది. సెట్టు ఆపండి. ఒక్క పెట్టె వెనక మాత్రం ఎరుపు బిళ్ళ తీగను నలుపుకూ, నలుపు బిళ్ళ తీగను ఎరుపుకూ మార్చండి. రెండో పెట్టెను ముట్టుకోకండి. మళ్ళీ పాట పెట్టండి. డప్పు వినిపిస్తుంది.